పుస్తకము ఇల్లు చేరు త్రోవ

మన దేశమున ధాన్యమేయూరి సంతలో దొరకునో, వస్త్రమేయంగడిలో చవుకయో విచారించువారు పెక్కుమంది కలరు. పుస్తకమెచ్చటనుండి వచ్చుచున్నదో విచారించువారు అరుదు. చదువరి అంగడిని మెచ్చునా, గ్రంథాలయమును మెచ్చునా, గడపకు వచ్చు టపాను మెచ్చునా అను ప్రశ్న మొదట చిన్నదిగా తోచును. కాని ఒక జాతి యేమి చదివినదో తెలియగోరువారు, ఆ జాతి యిండ్లకు పుస్తకములు ఏ త్రోవను వచ్చినవో ముందుగా తెలిసికొనవలయును. త్రోవ లేని చోటికి ఎంతటి యుద్గ్రంథమైనను చేరదు గదా!

ఈ ప్రశ్న మాకు వినగడపలోని మా పాత యింట పుట్టినది. గోడలో నమర్చిన అలమారను దులుపుచుండగా ఒక పాత పుస్తకము చేతికి వచ్చెను. దాని వెనుక అట్టపై ప్రకాశకులు తమ యితర గ్రంథముల జాబితాను వెలలతో సహా అచ్చువేసియుండిరి. ఆ జాబితాలో తొమ్మిది పేర్లకెదురుగా పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు కలవు. ఆ గుర్తులు పెట్టినది మా నాయనమ్మ. అన్నకు చదువు చెప్పుచుండగా ప్రక్కను కూర్చుండి అక్షరములు నేర్చినదే ఆమె చదువు. ఆ తొమ్మిదింటిలో రెండు మాత్రము మా అలమారలో నున్నవి. తక్కిన యేడును లేవు. ఆమె అంగడికి పోయి యొక పుస్తకమును కొన్నట్లు గాని, గ్రంథాలయమున నడుగిడినట్లు గాని మా యింట నెవరును ఎరుగరు. మగవారు తెచ్చినవానినే ఆమె చదివెను. తనకు కావలసినవి యేవో ఆమెకు తెలియును. అవి తన చేతికి వచ్చు త్రోవయే లేకపోయెను.

వినగడప నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో గంపలగూడెము మండలమునకు చేరినది. 2022 వరకు ఇది కృష్ణా జిల్లా గ్రామము. పూర్వపు తిరువూరు తాలూకా అంతయు మెట్ట. 1855లో బెజవాడకడ ఆనకట్ట ముగిసిన పిదప డెల్టా గ్రామములకు కాలువలు వచ్చెను. కాలువలతో పడవలు వచ్చెను. పడవలతో పట్టణపు సరకులును, సమాచారములును వచ్చెను. మా పొలములకు మాత్రము నాగార్జునసాగరము ఎడమ కాలువ వచ్చు వరకును చెరువులు, వానలు తప్ప వేరు దిక్కు లేకుండెను. తిరువూరునకు రైలు నేటికిని రాలేదు. తిరువూరునుండి బెజవాడ సుమారు 70 కిలోమీటర్లు. పడమట మధిర వైపునకు పోయినచో పూర్వము నైజాము రాజ్యము. ఇట్టి మూల గ్రామమునకు పుస్తకము ఎట్లు వచ్చెడిదో విచారించినచో తెలుగుదేశపు పఠనచరిత్రమంతయు కొంతవరకు కన్నుల కట్టును.

అచ్చు వ్యాపింపక పూర్వము గ్రంథము తాటియాకులపై నుండెడిది. అది పండితుని యింటనో, జమీందారుని భాండారముననో, దేవాలయముననో యుండెను. సామాన్యులు దానిని చూడరు, పురాణకాలక్షేపమున విందురు. ఎవరికి ఏది వినదగునో నిర్ణయించు అధికారము చదువువానిదే కాని వినువానిది కాదు. అచ్చుపుస్తకము వచ్చిన పిదప ఈ అధికారము మెల్లమెల్లగా చేతులు మారసాగెను. 1832లో పుదూరు సీతారామశాస్త్రి గారు కూర్చిన పెద్దబాలశిక్షయు, శతకములును, పంచాంగములును, పాటల పుస్తకములును పల్లెలకు మొదట చేరినవి. వీనిని తెచ్చినవాడు పుస్తకముల వర్తకుడని చెప్పదగినవాడు కాడు. తిరునాళ్లలో చాప పరచి, గాజులు, దువ్వెనలు, కుంకుమ బరిణెలు అమ్మువారి సరసన కూర్చుండు చిల్లరవాడు. మా ప్రాంతమున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లవంటి జాతరలే చిరకాలము పల్లెవాని పుస్తకశాలలు. నవ్వుటకు వీలులేదు. స్త్రీలు నిస్సంకోచముగా నిలిచి, చేతితో ముట్టి, వెలయడిగి కొనగలిగిన మొదటి పుస్తకపుటంగడి యదియే.

ఆ పెనుగంచిప్రోలుననే 1877లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు జన్మించిరి. అదే సంవత్సరమున మన దేశపు తపాలాశాఖ వి.పి. పద్ధతిని ఏర్పరచెను. అనగా సరకును ముందుగా పంపి, చేరినప్పుడు టపావాని చేతికి వెల చెల్లించు పద్ధతి. ఈ రెండింటికిని సంబంధము లేదని తోచవచ్చును. కాని 1906లో లక్ష్మణరావు గారును, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారును, రావిచెట్టు రంగారావు గారును, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మొదలగు మిత్రులతో కలిసి హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినప్పుడు, ఆ మండలికి పట్టణములందు అంగళ్లు లేవు. ఊరూర చందాదారులు కావలసివచ్చిరి. తపాలా లేనిచో అట్టి మండలి నిలువనేరదు. హరిసర్వోత్తమరావు గారి అబ్రహాము లింకను చరిత్రము 1907లోను, చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లోను ఈ త్రోవనే తెలుగిండ్లకు పయనమయ్యెను. దేశచరిత్రమును, ప్రకృతిశాస్త్రమును తెలుగున చదువవచ్చునని మన గృహస్థులకు నమ్మకము కలిగించినది గ్రంథకర్తల పాండిత్యమొక్కటియే కాదు. గుమ్మమున నిలిచి పేరు పిలిచిన టపావాడు కూడ.

స్త్రీల విషయమున ఈ మాట మరింత నిజము. 1902లో వెలువడిన హిందూసుందరియు, 1928లో కేసరి గారు స్థాపించిన గృహలక్ష్మియు ఇంటి లోపలికి వచ్చినవి టపామీదనే. బజారునకు పోరాని యిల్లాలికి పత్రిక తానే నడచివచ్చినది. అయినను ఇక్కడ ఒక లోపము కలదు. వి.పి. విడిపించుటకు రొక్కము కావలెను. రొక్కమున్న పెట్టె తాళపుచెవి యిల్లాలి కొంగున నున్నను, దానిని తీయుటకు అనుమతి వేరొకరిది. మా నాయనమ్మ గుర్తులు పెట్టిన యేడు పుస్తకములు ఆ అనుమతికడనే ఆగిపోయినవని మేము తలంచుచున్నాము.

వెల ఇయ్యలేనివారి కొరకు గ్రంథాలయము పుట్టినది. భీమవరము చెంతనున్న కుముదవల్లిలో 1897లో వీరేశలింగకవిసమాజ గ్రంథాలయము వెలసెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయమును, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనమును స్థాపింపబడినవి. ఉర్దూ రాజభాషగా నున్న నైజాము రాష్ట్రమున తెలుగు గ్రంథాలయము పఠనశాల మాత్రమే కాదు. తెలుగువాడు తలయెత్తి నిలుచు తావు. బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి ప్రయత్నమున 1914 ఏప్రిలు 10వ తేదీన ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ సభ చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతను జరిగెను. గ్రంథాలయములకై యొక దేశమంతటి ప్రజలు తామై కూడుట, ఆ కూటమి యొక ఉద్యమమగుట మన దేశమున అపూర్వము. 1919 నవంబరు 14వ తేదీన మదరాసున అఖిలభారత గ్రంథాలయసభ జరుగుటకును ఈ వెంకటరమణయ్య గారి కృషియే మూలము. నేటికిని నవంబరు 14వ తేదీతో గ్రంథాలయవారోత్సవములు మొదలగుట అందరును ఎరిగినదే.

అయితే పఠనమందిరమునకు తలుపు తెరచినంత మాత్రమున అందరును లోపలికి వచ్చిరా? సత్యము చెప్పవలసినచో రాలేదు. పలుయూళ్లలో గ్రంథాలయము పెద్దవీథి అరుగుపై నుండెను. పత్రికను చుట్టుకొని మగవారు రాజకీయములు చర్చించుచుండగా ఇల్లాలు ఆ మెట్లెక్కదు. పొలమున కూలి చేసి ప్రొద్దుగ్రుంకిన పిదప వచ్చువానికి తలుపు మూసియుండును. అంటరానివారని ఊరు దూరముంచిన వారి పిల్లలకు తలుపు తెరచియున్నను గడప దాటుట సులభము కాదు. ఉద్యమనాయకులలో దూరదృష్టి గలవారు దీనిని గ్రహించిరి. పాఠకుడు గ్రంథాలయమునకు రానిచో గ్రంథాలయమే పాఠకుని కడకు పోవలెనని వారు నిశ్చయించుకొనిరి.

ఈ భావమునకు దేశమున ఉదాహరణములు లేకపోలేదు. బరోడాలో సయాజీరావు గాయక్వాడు గారి పాలనమున పుస్తకములను పెట్టెలలో నమర్చి గ్రామములకు పంపుచుండిరి; ఒక యూరివారు చదివిన పిదప ఆ పెట్టె వేరొక యూరికి పోవును. 1931లో తంజావూరు జిల్లా మన్నార్‌గుడి ప్రాంతమున ఎద్దులబండిపై గ్రంథాలయము బయలుదేరెను. దానిని ప్రారంభించినవారు మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథను గారు. పుస్తకములు దాచుటకు కావు, వాడుటకని ఆయన అదే సంవత్సరమున ప్రకటించిన గ్రంథాలయసూత్రములలో మొదటిది. మన దేశమున పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణము గారు 1935లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువపై, కొల్లూరు ప్రాంతమున, పడవ గ్రంథాలయమును నడిపిరి. నీరు పారు త్రోవనే అక్షరమును పారించిన ఆ యుక్తికి నమస్కరింపవలయును. పడవ ఆగు రేవున కాలువకు నీళ్లకు వచ్చినవారే పాఠకులు. బిందెతో వచ్చిన స్త్రీ పుస్తకముతో మరలుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

మా మెట్టకు కాలువ లేదు గావున పడవ రాలేదు. ఇది విధి యని యూరకుండుటకు వీలులేదు. పడవ రాని చోటికి బండి రావచ్చును. బండి రాని చోటికి సంచి తగిలించుకొని మనుష్యుడు రావచ్చును. త్రోవ యనునది నీటివలననో, రాతివలననో కలుగునది కాదు. ఇంకొకరి చేతికి పుస్తకము నందింపవలెనను తలంపువలన కలుగునది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఈ తలంపు చట్టమయ్యెను. 1948లో మదరాసు పౌరగ్రంథాలయముల చట్టము వచ్చెను. 1955లో హైదరాబాదు రాష్ట్రపు చట్టము వచ్చెను. 1960లో ఆంధ్రప్రదేశమున కంతటికిని ఒక్క చట్టమేర్పడెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థ కియ్యవలెనని నియమము. మన రాష్ట్రమున అది పన్ను రూపాయికి 8 పైసలు. వినగడప యందలి గుడిసె యజమానియు, బెజవాడ యందలి మేడ యజమానియు తమ తమ తాహతును బట్టి ఈ పైసలు చెల్లించుచున్నారు. అనగా గ్రంథాలయమున నున్న ప్రతి పుస్తకమునకును మనమే యజమానులము. పూర్వము దాతను ఆశ్రయించిన సంస్థ పన్నుచే ప్రజల హక్కైనది. ఇంతకు మించిన సంస్కరణ మేమున్నది?

హక్కైన పిదప ఆదరము తగ్గుట విచారకరము. వసూలైన గ్రంథాలయపు పన్నును స్థానికసంస్థలు సకాలమున చెల్లింపకుండుట పత్రికలలో తరచుగా వినవచ్చు ఫిర్యాదు. చెల్లింపనిచో క్రొత్త పుస్తకములు లేవు. క్రొత్త పుస్తకములు లేనిచో పాఠకుడు రాడు. పాఠకుడు రానిచో పన్నెందుకని యడుగువారు బయలుదేరుదురు. మేము బాల్యమున చూచిన యొక గ్రంథాలయమున బీరువాలకన్నింటికిని తాళములుండెను. అద్దము వెనుక పుస్తకముల వీపులు కనబడుచుండెను. ఏది కావలెనో చెప్పినచో తీసి యిత్తుమనిరి. లోపలనేమున్నదో తెలియనివాడు ఏది కావలెనని చెప్పగలడు? పుస్తకము పోయినచో లెక్క చెప్పవలసిన ఉద్యోగి తాళము వేయక యేమి చేయును? తప్పు ఆయనది కాదు. పోయిన పుస్తకమును నేరముగను, చదువబడని పుస్తకమును భద్రతగను ఎంచు పద్ధతిది.

అట్టి సమయమున, అనగా 1960 మొదలు 1990 వరకును ఇంచుమించుగా, పట్టణముల సందులలో అద్దె పుస్తకముల అంగళ్లు వెలసెను. వారపత్రికలలో ధారావాహికముగా వచ్చి పేరొందిన నవలలు అట్టలూడి, మరల కుట్టబడి, చేతులు మారుచుండెను. రోజుకింతయని కొన్ని పైసలు ఇచ్చి ఇంటికి తెచ్చుకొనవచ్చును. యద్దనపూడి సులోచనారాణి గారి నవలల కొరకు వరుసలో వేచిన పాఠకురాండ్రు లెక్కకు మిక్కిలి. సంస్కారవంతులు ఈ యంగళ్లను చూచి పెదవి విరిచిరి, మేమును విరిచినవారమే. కాని నేడు మరల ఆలోచించి చూడగా మా తీర్పు తొందరపాటని తోచుచున్నది. ఆ యంగడి యిల్లాలి వీథిలోనే యుండెను, ప్రొద్దుపోవువరకు తెరచియుండెను, బీరువా లేదు, తాళము లేదు, ఇది బాగున్నదా, ఇటువంటిది వేరొకటి కలదా యని అడిగినచో బదులు చెప్పు మనుష్యుడుండెను. గ్రంథాలయము ఉచితముగా ఇచ్చునది విడిచి, వెలయిచ్చి చదువుటకు జనులు ఎందులకు పోయిరి? నవలలపై మోజుచే మాత్రమే కాదు. తమ పుస్తకమును తామెన్నుకొను స్వేచ్ఛ అక్కడ దొరకినందున. ఇంటింట సొంత గ్రంథాలయము అను పేర, చవుక పుస్తకములను మచిలీపట్టణపు శేషాచలము కంపెనీవారు ఇండ్లకు చేర్చిన పథకము ఆదరింపబడుటకును ఇదియే కారణము. విజ్ఞానచంద్రికా మండలివారు ఎరిగిన రహస్యమునే వారును ఎరిగిరి.

నేటి సంగతి చూతము. 1989 నుండి బెజవాడలో జనవరి మాసమున పుస్తకమహోత్సవము జరుగుచున్నది. మా ప్రాంతమువారును బస్సులెక్కి పోయి సంచులతో మరలుచున్నారు. పూర్వపు తిరునాళ్ల చాపయే అక్కడ వందల కొలది దుకాణములుగా పెరిగినదని మాకు తోచును: ముట్టవచ్చును, తెరువవచ్చును, కొనకయు పోవచ్చును. చేతిఫోనుపై కోరిన పుస్తకము కొన్నిదినములలో గ్రామమునకు వచ్చుచున్నది. అది పాత వి.పి.కి మనుమరాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారు బింబములుగా తీయించిన వేలకొలది పాత తెలుగు గ్రంథములు ఉచితముగా ఫోనులోనే చదువవచ్చును. నూరేండ్లనాటి పుస్తకములు పట్టణపు పండితునికిని, వినగడప బాలికకును ఒక్క క్షణమున అందుబాటులోనికి వచ్చుట అచ్చుయంత్రము వచ్చిన తరువాత జరిగిన మహోపకారము.

అయినను ఇంతతో త్రోవ ముగిసినదని సంతోషించుట పొరపాటు. మహోత్సవమునకు పోవుటకు బస్సు ఖర్చు కావలెను. ఫోను ఇంటికి ఒక్కటియే యైనచో అది యెవరి చేతిలో నుండునో చెప్పనక్కరలేదు. పేరు తెలిసిన పుస్తకమును వెదకుట సులభము. పేరు తెలియని పుస్తకము తానై యెదురుపడుట అలమార ముందు నిలిచినవానికే కలుగు భాగ్యము. అందుచేత క్రొత్త త్రోవలు పాత గ్రంథాలయమును అనవసరము చేయలేదు. దాని పనిని మరింత స్పష్టముగా చూపుచున్నవి.

ఈ చరిత్రమువలన మేము గ్రహించినది యొక్కటే. తెలుగు పాఠకుడు అంగడి పక్షమువాడు కాడు, గ్రంథాలయ పక్షమువాడు కాడు. పుస్తకమెచ్చట తన గడపకు దగ్గరగా నుండునో, ఎచ్చట తాను సిగ్గుపడక అడుగవచ్చునో, ఎచ్చట తన యిష్టము చొప్పున ఎన్నుకొనవచ్చునో అచ్చటికే అతడు పోయెను, ఆమెయు పోయెను. తిరునాళ్ల చాప, టపావాని సంచి, కాలువ పడవ, అద్దె అంగడి ఈ మూడింటిలో ఒక్కొక్కదానినైన ఇచ్చినవి గనుక ఆదరింపబడినవి. మూడింటిని కలిపి, ఉచితముగా, అందరికిని ఇయ్యగలది ప్రజల గ్రంథాలయమొక్కటియే. అది ఇయ్యనిచో జనులు చదువుట మానిరని నిందించుట న్యాయము కాదు.

కనుక చదువరులారా, మనము చేయదగిన పనులు పెద్దవి కావు. మనము చెల్లించు గ్రంథాలయపు పన్ను ఎచ్చటికి పోవుచున్నదో పంచాయతి సభలో అడుగుదము. మన యూరి గ్రంథాలయము ఏ వేళలందు తెరచుచున్నారో, ఆ వేళలు పనిచేయు స్త్రీకిని, కూలివానికిని అనుకూలములో కావో చూతము. బీరువాల తాళములు తీయుమని కోరుదము. పోవు నాలుగు పుస్తకములకంటె చదువబడు నలువది పుస్తకములు మేలు. వారమునకొకసారి సంచిలో పుస్తకములు వేసికొని వాడవాడకును, ముఖ్యముగా ఊరు ఇంతకాలము దూరముంచిన వాడలకును, పోవువారిని ఏర్పరతము. మన యిండ్లలోని అలమారలను మనమే తెరతము. తెచ్చుకొనుటలో ఎంత ఉత్సాహమున్నదో ఎరువిచ్చుటలోను అంత యుండవలయును.

మా నాయనమ్మ గుర్తులు పెట్టిన యేడు పుస్తకములలో నాలుగింటిని మేము ఫోనులో వెదకి చదివితిమి. చదువుచున్నంతసేపును అవి మావి కావనియే తోచెను. అవి ఆమె కోరినవి. ఆమెకు అందవలసిన కాలమున త్రోవ లేకపోయెను. నేడు మన వీథిలో ఏ యింటనో ఒక బాలిక ఏదో యొక పేరునకెదురుగా గుర్తు పెట్టుకొనుచునే యుండును. ఆ పుస్తకము ఆమె చేతికి అందుటకు మరల రెండు తరములు పట్టనీయరాదు.